లోబడి ఉండమంటున్నారు, ఊరుకోవడం నావల్ల కావడం లేదు

పేరూ ఊరూ రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆవిడ టీచరు, నలభై దాటాయి. మూడు తరాల క్రైస్తవ కుటుంబం. సంఘంలో స్త్రీల సమాజానికి సెక్రటరీ, భర్త అదే సంఘానికి ట్రెజరర్. రెండేళ్ల కిందట ఒక ఉపవాస ప్రార్థనలో సంఖ్యాకాండం ఇరవై ఏడో అధ్యాయం ధ్యానం చేస్తున్నారట. సెలోపెహాదుకు కొడుకుల్లేరు. అతని ఐదుగురు కూతుళ్లు మోషే ముందుకొచ్చి మా నాన్న స్వాస్థ్యం, అంటే వారసత్వ భూమి, మాకెందుకు ఇవ్వరని అడుగుతారు, వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడు చెబుతాడు. అది విని ఒక పెద్దావిడ లేచి "మరి మా నాయన పొలం మా అన్నలకే ఎందుకు పోయిందమ్మా?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. "ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది నీ పని అని ప్రభువు నాతో చెప్పినట్టే అనిపించింది" అని రాశారు.

అప్పట్నుంచి స్త్రీల కూడికల్లో ఆడపిల్ల వాటా గురించి, కట్నం గురించి, ఇళ్లలో దెబ్బల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పోయినేడు ఒక విన్నపం తయారుచేశారు. అడిగినవి మూడే. సంఘ కమిటీలో మూడో వంతు స్త్రీలుండాలి. భర్త కొడుతున్నాడని ఏ స్త్రీ అయినా చెప్పుకుంటే, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి రాజీ చేసే ముందు ఇద్దరు స్త్రీల సమక్షంలో ఆమె మాట విడిగా వినాలి. పెళ్లికి ముందు ఇచ్చే కౌన్సెలింగ్‌లో కట్నం నేరమనీ, కూతురికి సమాన వాటా ఉందనీ చెప్పాలి. చాలామంది సంతకాలు పెట్టారు. పాస్టర్ గారు కాగితం తీసుకుని "ప్రార్థనలో పెడదాం" అన్నారు. తర్వాతి ఆదివారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, "మన మధ్య యెజెబెలు ఆత్మ పనిచేస్తోంది" అన్నారు. యెజెబెలు అంటే బైబిల్లో చెడ్డ రాణి. అందరూ ఈవిడ వైపే తిరిగి చూశారట.

ఆ మూడింట్లో రెండోది అడగడానికి కారణం ఒక పాతికేళ్ల అమ్మాయి. ఆమె కూతురు ఈవిడ స్కూల్లోనే ఎల్‌కేజీ. భర్త పాటల బృందంలో కీబోర్డు వాయిస్తాడు, కమిటీలో ఒక పెద్దమనిషి కొడుకు. విన్నపం సంగతి తెలిశాక "నువ్వేనా చెప్పింది" అని ఇంకా ఎక్కువ కొట్టాడు. మరో పక్క, ఈవిడ నాన్నగారు చనిపోయి ఏడాది కావస్తోంది, వీలునామా లేదు. అన్నదమ్ములిద్దరూ రిలీజ్ డీడ్ మీద, అంటే వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం మీద, సంతకం పెట్టమంటున్నారు, "అమ్మ కూడా పెడుతోంది కదా" అంటున్నారు. ఈ సంగతి తెలిసి సంఘంలో "వాటా కోసమే ఈ గొడవంతా" అనే మాట పుట్టింది. ఇవి చాలవన్నట్టు ఒక మహిళా సంస్థ ప్రెస్ మీట్‌లో మాట్లాడమని పిలిచింది. అక్కడ ఒకావిడ నవ్వుతూ "అంత కష్టపడి ఆ మతంలోనే ఎందుకండీ ఉండటం?" అందట. "చర్చిలో నేను ఫెమినిస్టుని, అక్కడ నేను ప్రార్థనలామెని. నాది అనే చోటే లేకుండా పోయింది" అన్నారు. భర్త అడ్డు చెప్పరు గానీ, "నా పదవీకాలం అయ్యేదాకా ఆగొచ్చు కదా" అంటున్నారు.

సంఘంలోనే ఉండి పోరాడాలా, బయటికెళ్లి మాట్లాడాలా, వేరే సంఘానికి పోవాలా, నోరు మూసుకుని ప్రార్థన చేసుకోవాలా? ఇదీ ఆవిడ ప్రశ్న.

సమాధానం:

మీరు నాలుగు దారులు రాసి ఏది మంచిదని అడిగారు. దారుల సంగతి తర్వాత. ముందు, మీరు మూడు వేరు వేరు పనుల్ని ఒకే మూట కట్టి పాస్టర్ గారి గుమ్మం ముందు పెట్టారు. ఆ అమ్మాయి ప్రాణం, మీ ఇంటి ఆస్తి, సంఘంలో స్త్రీల స్థానం. మొదటిదానికి రోజుల్లో దారి దొరకాలి, రెండోదానికి నెలల టైముంది, మూడోదానికి ఏళ్లు పడుతుంది. మూట విప్పకపోతే ఏళ్లు పట్టే పని కోసం రోజుల్లో జరగాల్సింది ఆగిపోతుంది. పైగా మొదటి రెండింటికీ పాస్టర్ గారి అనుమతి అక్కర్లేదు, కమిటీ తీర్మానం అంతకన్నా అక్కర్లేదు.

ముందు అమ్మాయి. మీకు బాధ కలిగినా ఒకటి చెప్పాలి. విన్నపంలో ఆమె పేరు రాయలేదు, నిజమే, కానీ అంతకు ముందే కూడికలో "ఒక సహోదరి కుటుంబ సమాధానం కోసం ప్రార్థించండి" అని మీరే చెప్పానని రాశారు. ప్రార్థన అంశం పేరుతో ఇంటి గుట్టు ఎంత తొందరగా ఊరంతా తిరిగొస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. మీ ఉద్దేశం మంచిదే, దెబ్బలు మాత్రం ఆమె తింది. ఇక మీదట ఆమె కథ మీ ఉద్యమానికి ఉదాహరణగా ఎక్కడా వాడొద్దు, ఆమె తనంతట తాను చెప్పమంటే తప్ప. విన్నపంలోనూ వద్దు, ప్రెస్ మీట్‌లోనూ వద్దు, ప్రార్థనలో పైకి పలికే మాటల్లోనూ వద్దు.

ఆమెతో మెసేజ్‌లు పెట్టుకోకండి, ఫోన్ భర్త చూడొచ్చు. పాపను దించడానికి స్కూలుకు వస్తుంది కదా, టీచరు తల్లితో ఓ పది నిమిషాలు మాట్లాడితే ఎవరికీ అనుమానం రాదు. వాక్యం చెప్పకండి, చట్టం కూడా వెంటనే చెప్పకండి. నీకేం కావాలి అని అడిగి, చెప్పేదాకా ఆగండి. విడిపోవాలనుకుంటోందా, కొన్నాళ్లు పుట్టింట్లో ఉండాలనుకుంటోందా, దెబ్బలు ఆగితే చాలనుకుంటోందా? పెళ్లి పోకూడదు, దెబ్బలు పోవాలి అనుకునే ఆడవాళ్లే ఎక్కువ, బలిపీఠం ముందు చేసిన ప్రమాణాన్ని గట్టిగా నమ్మేవాళ్లయితే మరీను.

అలాంటివాళ్లకు పనికొచ్చేదే 2005 గృహహింస చట్టం. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది, దానికోసం విడాకులు అడగక్కర్లేదు. కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పాపను తాత్కాలికంగా తన దగ్గరే ఉంచుకోవడం, ఇవన్నీ మేజిస్ట్రేటును అడగవచ్చు. ఇల్లు మామగారి పేరున ఉన్నా సరే, తాను కాపురం చేసిన ఇల్లయితే ఉండే హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దారి చూపించడానికి జిల్లాలో రక్షణాధికారి ఉంటారు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. లాయరు ఖర్చుకు భయపడితే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇంకోటి, దెబ్బ తగిలినప్పుడు ప్రభుత్వాసుపత్రిలో "బాత్రూమ్‌లో జారిపడ్డాను" అని రాయించుకోకూడదు. ఎలా తగిలిందో అలాగే చెప్పి, ఆ చీటీ మీ దగ్గర దాచమనండి.

పోలీసు కేసు వేరే దారి. భార్యను హింసించే భర్త మీద పెట్టే పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. కేసు పెడితే భయపడి తగ్గేవాడూ ఉంటాడు, పగబట్టేవాడూ ఉంటాడు, ఇతను ఏ రకమో మనందరికంటే ఆమెకే బాగా తెలుసు. విడిపోవాలనే అనుకుంటే, క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో ఒకప్పుడు భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు, భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో వదిలేసి వెళ్లడమో కూడా రుజువు చేయాలి. 2001లో ఆ తేడా తీసేశారు, ఇప్పుడు క్రూరత్వం ఒక్కటే చాలు.

కేసు మాట వినగానే మామగారు మొదటి కొరింథీయులు ఆరో అధ్యాయం తీస్తారు, విశ్వాసులు కోర్టుకెక్కకూడదని. ఆ ఉత్తరం రాసిన పౌలుకు కొరడా దెబ్బలు పడబోతుండగా ఏం చేశాడో అపొస్తలుల కార్యాలు ఇరవై రెండులో ఉంది. నేను రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా కొట్టడం మీకు తగునా అని శతాధిపతిని అడిగాడు, దెబ్బలు ఆగిపోయాయి. దెబ్బల్ని ఆపడానికి చట్టాన్ని వాడుకోవడం అవిశ్వాసం కాదని ఆ అమ్మాయికి చెప్పడానికి అది సరిపోతుంది. మామగారితో వాదించడానికి వాడకండి, ఆయన దగ్గర ఇంకో పది వచనాలుంటాయి.

ఆమె ఇప్పుడే ఏమీ చేయనంటే? బలవంతం చేయకండి. ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, పాప పుట్టిన సర్టిఫికెట్ జిరాక్సులు మీ దగ్గర పెట్టించండి, ఏ అర్ధరాత్రయినా ఎవరింటికి రావచ్చో మాట అనుకుని ఉంచండి. మీ ఇల్లే అయితే ముందు మీ ఆయనతో మాట్లాడాలి, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే కమిటీ అంతా మీ గుమ్మంలో ఉంటుంది.

ఇక మీ సంతకం. పెట్టకపోతే ఆస్తి కోసమే ఉద్యమం అంటారు, పెడితే రేపు ఇంకో ఆడపిల్లకు ఏ ముఖంతో చెప్పను అని నలిగిపోతున్నారు. లెక్క చూద్దాం. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తికి 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా, కొడుకనీ కూతురనీ తేడా లేదు. ఆస్తి తొమ్మిది భాగాలనుకుంటే అమ్మవి మూడు, మీ ముగ్గురివీ తలా రెండు. మీ అన్నదమ్ముల కాగితంలో తొమ్మిదీ వాళ్లిద్దరికే పోతున్నాయి. అంటే ఆడవాళ్ల సంతకాలతో ఐదు భాగాలు చేతులు మారుతున్నాయి, అందులో పెద్ద వాటా అమ్మది. అంత పెద్ద ఉత్తరంలో అమ్మ సంగతి అర వాక్యంలో దాటేశారు. సంఘంలో విధవరాళ్ల గురించి మాట్లాడుతున్న మీరు ఇంట్లో విధవరాలిని ఒక్కసారి ఒంటరిగా కూర్చోబెట్టి "నీకు ఇష్టమేనా అమ్మా, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పారా?" అని అడగండి.

ఆవిడ కొడుకులకే ఇస్తానంటే అది ఆవిడ ఇష్టం. కానీ ఇచ్చే పద్ధతి ఒకటుంది. రిలీజ్ డీడ్‌తో ఊరికే వదిలేసుకునే బదులు, తనను చూసుకోవాలనే షరతు స్పష్టంగా రాయించి గిఫ్ట్ డీడ్ చేస్తే, వాళ్లు చూడని రోజున 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. షరతు నోటిమాటగా వదిలేస్తే రుజువు చేయడం కష్టం, దస్తావేజులోనే రాయించడం మేలు.

మీ వాటా విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. పెట్టేస్తే అన్నదమ్ములతో రాకపోకలు ఉంటాయి, కానీ రిజిస్టరైన రిలీజ్ డీడ్‌ను తర్వాత కొట్టేయించాలంటే మోసమో బలవంతమో రుజువు చేయాలి, అది మామూలు పని కాదు. పెట్టనంటే కొన్నాళ్లు పుట్టింటి గడప బరువవుతుంది, పండక్కి పిలుపు రాకపోవచ్చు, అది చిన్న నష్టమేమీ కాదు. నాకు నచ్చే దారి మూడోది. ముందు వాటా మీదని నలుగురిలో లెక్క తేల్చి, ఆ తర్వాత మీకు తోచినంత మీ చేత్తో ఇవ్వండి, కావాలంటే మొత్తం ఇవ్వండి. ఉన్నదాన్ని తెలిసి ఇవ్వడం వేరు, లేదనుకుని వదిలేయడం వేరు. మీరు ప్రచారం చేస్తున్నది హక్కు ఉందనే కదా, దాన్ని తీసుకుని తీరాలని ఎవర్నీ శాసించడం లేదు. "ఆస్తి కోసమే" అనేవాళ్లు మీరు రూపాయి తీసుకోకపోయినా ఇంకో మాట వెతుక్కుంటారు.

కేరళలో మేరీ రాయ్ కేసు గురించి వినే ఉంటారు. పాత తిరువాన్కూరు చట్టంలో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా ఐదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది. అన్నదమ్ముడి మీద కేసేసి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1951 నుంచే అక్కడా 1925 చట్టం వర్తిస్తుందని 1986లో తీర్పొచ్చింది. చర్చి వర్గాల్లో కొందరికి ఆ తీర్పు మింగుడు పడలేదు. ఆవిడ సొంత వాటా చేతికందడానికి ఇంకో ఇరవై ఏళ్ల పైనే పట్టింది. మీకు ఆ అడ్డు చట్టం లేదు, కొత్తగా గెలవాల్సిందీ లేదు, ఉన్నదాన్ని తొందరపడి రాసివ్వకుండా ఉంటే చాలు.

మీ ఇంట్లో కొందరు కాగితాల మీద హిందూ ఎస్సీలుగానే ఉన్నారని రాశారు. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు, మన దగ్గర చాలా సంఘాల్లో ఉన్నదే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు, తెలుగు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సీలో పెట్టారు. వారసత్వానికి దీనివల్ల కూతురికి వచ్చే నష్టం లేదు. ఎవరైనా మీరు హిందువులేనని వాదించినా, మీ నాన్నగారి స్వార్జితంలో హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ ముగ్గురు పిల్లలకూ తలా పావు వస్తుంది. కానీ మీ విన్నపం "క్రైస్తవ స్త్రీలమైన మేము" అని మొదలవుతోంది, కింద ఇంటి పేర్లతో సహా సంతకాలున్నాయి. కోపమొచ్చిన ఎవడో దాని ఫొటో తీసి తహసీల్దారుకు పంపితే ఒకరి ఉద్యోగం, ఇంకొకరి పిల్లాడి సీటు చిక్కులో పడొచ్చు. ఈ సంగతి సంతకం పెట్టించే ముందే వాళ్లకు చెప్పాలి. ఇప్పటికైనా చెప్పండి, వద్దనుకున్నవాళ్ల పేర్లు తీసి కొత్త కాగితం ఇవ్వండి. సంతకాలు తగ్గితే తగ్గనివ్వండి.

ఇప్పుడు సంఘం. యెజెబెలు అన్నారని మీరు రెండు పేజీలు ఏడ్చారు. నేను చర్చికి వెళ్లే మనిషిని కాదు గానీ మొదటి రాజులు ఇరవై ఒకటి తీసి మళ్లీ చదివాను. యెజెబెలు అక్కడ చేసిందేమిటి? నాబోతు తన తండ్రుల నుంచి వచ్చిన ద్రాక్షతోట ఇవ్వనంటే, రాజు పేరుతో దొంగ ఉత్తరాలు రాయించి, అబద్ధపు సాక్షుల్ని పెట్టి అతన్ని చంపించి, తోట భర్తకు కట్టబెట్టింది. ఒకరికి రావాల్సిన స్వాస్థ్యాన్ని కాగితాలతో లాగేసుకున్న మనిషి ఆమె. మీ సంఘంలో అలాంటి కాగితాలు ఎవరు తయారుచేస్తున్నారో నేను చెప్పక్కర్లేదు. ఇది ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పాను, మీటింగ్‌లో అనకండి. అంటే ఆ రోజు మీరు గెలుస్తారు, ఆ తర్వాత ఏదీ జరగదు.

వచనాల పోటీలో కూడా దిగకండి. ఆయన ఎఫెసీ ఐదో అధ్యాయంలో భార్యలు లోబడాలనే ఇరవై రెండో వచనం చదువుతారు, మీరు దానికి ముందున్న ఒకరికొకరు లోబడమనే ఇరవై ఒకటీ, ప్రాణం పెట్టి ప్రేమించమని భర్తలకు చెప్పిన ఇరవై ఐదూ చదువుతారు. స్త్రీలు మౌనంగా ఉండాలనే తిమోతి పత్రిక ఆయన తీస్తే, మీరు రోమా పదహారులో సంఘ పరిచారకురాలు ఫీబే పేరు తీస్తారు. సాయంత్రం దాకా సాగుతుంది.

మీరు మొదలుపెట్టిన ఆ ఐదుగురు కూతుళ్ల కథనే ఇంకాస్త ముందుకు చదవండి. వాళ్లు అడిగింది చాటుగా కాదు, మోషే, యాజకుడు, పెద్దలు, సమాజమంతా చూస్తుండగా గుడారం గుమ్మం దగ్గర నిలబడి అడిగారు. గెలిచారు. కథ అక్కడ ఆగలేదు, ముప్పై ఆరో అధ్యాయంలో గోత్ర పెద్దలు అభ్యంతరంతో తిరిగొచ్చారు, వీళ్లు వేరే గోత్రంలోకి పెళ్లి చేసుకుంటే మా భూమి పోతుంది కదా అని. సొంత గోత్రంలోనే చేసుకోవాలనే షరతు పడింది. మీకూ అదే జరుగుతుంది. ఒకవేళ కమిటీ ఒప్పుకున్నా "సరే కానీ" అని ఒక మెలిక పెడుతుంది. ఏ మెలికకు ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో మీ సమాజంలోని ఆడవాళ్లంతా ముందే కూర్చుని తేల్చుకోండి.

విన్నపంలోని మూడు కోరికలూ ఒకే బరువువి కావు. కౌన్సెలింగ్‌లో చట్టం చెప్పడం అన్నిటికంటే తేలిక. 1961 నుంచి కట్నం నేరం, ఆ మాట చెప్పొద్దని ఏ పాస్టరూ పైకి అనలేరు. ఈ ఒక్కటే విడిగా అడగండి. కమిటీలో మూడో వంతు అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఎవరో ఒక మగాయన కుర్చీ ఖాళీ చేయాలి. దానికి విన్నపం కంటే మీ సంఘ నిబంధనావళి ముఖ్యం. తెచ్చి చదవండి, ఎన్నికలెప్పుడు, ఓటు ఎవరికి, స్త్రీలకు ఇప్పటికే ఏమైనా స్థానాలున్నాయా, సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టాలంటే ఎంతమంది కావాలి అనేది చూడండి. కానుకలు ఇచ్చేదీ కుర్చీలు సర్దేదీ ఆడవాళ్లయినచోట ఓటర్లలో ఎక్కువమంది ఎవరో లెక్కపెట్టుకోవచ్చు. దెబ్బలు తిన్న ఆమె మాట విడిగా వినాలనే రెండో కోరిక మాత్రం ఈ కమిటీలో నెగ్గదు, కొట్టేవాడి తండ్రి అందులోనే ఉన్నాడు. దాన్ని అడగడం మానేసి చేసేయండి. ఇద్దరు నమ్మకస్తులైన పెద్దావిడల్ని మీ సమాజమే ఎంచుకుని, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని అందరికీ తెలిసేలా చేస్తే చాలు, తీర్మానం ఎందుకు? వాళ్లు నోరు జారని మనుషులై ఉండాలి, అంతే.

పై వాళ్లకు, అంటే బిషప్ గారికి, రాయవచ్చు. అక్కడ స్త్రీలకు చోటు లేదని అనుకోకండి. దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్‌ఐలో) మొదటి మహిళా బిషప్ తెలుగునాటే, నంద్యాలలో, 2013లో పుష్పలలిత గారు. కానీ డయాసిస్‌లో, అంటే బిషప్ గారి పరిధిలో, వర్గాలుంటే మీ కాగితం ఇంకొకరి చేతిలో ఆయుధమవుతుంది, పాస్టర్ గారి బదిలీ కోసం ఎదురుచూసే వర్గం మిమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని పని అయ్యాక దించేస్తుంది. అడిగి చూసి, కాదనిపించుకుని, రాతపూర్వకంగా ఒక జవాబు తెచ్చుకున్నాక పైకి వెళ్తే మీ మాటకు బరువుంటుంది.

వేరే సంఘానికి వెళ్లడం కూడా తప్పేమీ కాదు, మనసుకు ఊపిరాడకపోతే వెళ్లాల్సిందే. కాకపోతే స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల కమిటీ, నిబంధనావళి ఏవీ ఉండవు, పాస్టర్ గారి మాటే శాసనం. ఇక్కడ కొట్లాడటానికి కనీసం ఒక పుస్తకం ఉంది. మీరు వెళ్లిపోతే ఆ పెద్దావిడ ప్రశ్న ఎవరు అందుకుంటారో కూడా ఆలోచించుకోండి. ఇది మిమ్మల్ని కట్టిపడేయడానికి అనడం లేదు, లెక్కలో వేసుకోమంటున్నాను.

ప్రెస్ మీట్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. మైనారిటీ సంఘం లోపలి మాట బయటికొస్తే, ఆడవాళ్ల మీద ఏ ప్రేమా లేనివాళ్లు దాన్ని మొత్తం మీ సమాజాన్ని తిట్టడానికి వాడుకుంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు, అలాగని దాన్ని చూపించి జీవితాంతం నోరు నొక్కనూ కూడదు. ఆ అమ్మాయి క్షేమంగా ఒక చోటికి చేరాక, కమిటీ జవాబు మీ చేతికొచ్చాక మళ్లీ ఆలోచించండి. ఈలోగా ఆ సంస్థవాళ్ల దగ్గర లాయర్లు, కౌన్సెలర్లు ఉంటారు, వాళ్ల సాయం తీసుకోండి.

"ఆ మతంలోనే ఎందుకు" అన్నావిడకు జవాబు చెప్పాల్సిన బాకీ మీకు లేదు. రెండు వైపులా పరాయిదానివైపోయానని అంటున్నారు కదా, పండిత రమాబాయి సంగతి చూడండి. 1883లో ఇంగ్లండ్‌లో బాప్తిస్మం తీసుకుంది. అక్కడ ఆమె మగవాళ్లకు పాఠం చెప్పడం ఇండియాలో ఆంగ్లికన్ బిషప్పులకు నచ్చలేదు, వద్దని అభ్యంతరపెట్టారు. విశ్వాసం తీసుకున్నంత మాత్రాన నా మనస్సాక్షిని బిషప్పుల చేతిలో పెట్టలేదని ఆమె తన పెద్దలతో ఉత్తరాల్లో గట్టిగానే వాదించింది. తిరిగొచ్చి 1889లో బొంబాయిలో విధవరాళ్ల కోసం శారదా సదన్ అనే బడి పెడితే, వాళ్లను మతం మారుస్తోందని ఇటు హిందూ సమాజం వైపు గొడవ చేసి పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. అటు అణిగి ఉండమన్నారు, ఇటు వెలివేశారు. ఆమె రెండిట్లో ఒకటి ఎంచుకోలేదు, కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ కట్టుకుంది, 1922లో చనిపోయేదాకా అక్కడే పనిచేసింది. మీరు అంత పెద్ద సంస్థ కట్టాలని చెప్పడం లేదు. చోటు దొరకలేదంటే మీరేదో తప్పు చేసినట్టు కాదు అంటున్నాను.

నోరు మూసుకుని ప్రార్థన చేసుకోవడం గురించి కూడా అడిగారు. విసుగు లేకుండా ప్రార్థించడమంటే ఏమిటో చెప్పడానికి లూకా పద్దెనిమిదిలో యేసు చెప్పిన కథలో ఉన్నది ఒక విధవరాలు. నాకు న్యాయం తీర్చమని న్యాయాధిపతి దగ్గరికి పదే పదే వెళ్లి అతన్ని విసిగిస్తుంది. ఆ ప్రార్థనకు నోరు మూసుకోవడం కుదరదు. అలసట వేరే సంగతి. ఆరు నెలలు ఏమీ చేయకుండా ఉండాలనిపిస్తే ఉండండి, సెక్రటరీ పని ఇంకొకరికి అప్పగించండి, దానికి దేవుడి పేరు అడ్డం పెట్టుకోనక్కర్లేదు.

మిగిలింది మీ ఆయన. పదవీకాలం అయ్యేదాకా ఆగమన్నందుకు మీకు కోపంగా ఉంది. ఆయన స్థానంలో నిలబడి చూస్తే, ప్రతి ఆదివారం లెక్కలు చూపించాల్సింది ఆ పెద్దలకే, ఒక రసీదు తేడా వచ్చినా మీ మీది కోపం ఆయన మీద తీర్చుకుంటారు. ఇంగ్లండ్‌లో జోసెఫిన్ బట్లర్ అని ఒకావిడ ఉండేది, గాఢమైన విశ్వాసి, భర్త ఆంగ్లికన్ పాదిరి. సైనిక పట్టణాల్లో వేశ్యలన్న అనుమానంతో ఆడవాళ్లను పట్టుకుని బలవంతంగా వైద్య పరీక్షలు చేయించే చట్టాలకు వ్యతిరేకంగా 1869లో ఉద్యమంలోకి దిగింది. 1886లో గానీ ఆ చట్టాలు రద్దు కాలేదు. దిగే ముందు భర్తతో మాట్లాడింది, ఆయన ఒప్పుకున్నాడు, దానివల్ల చర్చిలో ఆయనకు రావాల్సిన ఎదుగుదల దెబ్బతింది. ఆ ధర ఆయన తెలిసి ఒప్పుకున్నాడు. మీ ఇంట్లో ఆ సంభాషణే జరగలేదు. మీరు దిగిపోయారు, ఆయన వెనకాల మోస్తున్నారు.

కూర్చుని అడగండి, పదవికి రాజీనామా చేసి మీతో ఉంటారా, పదవిలో ఉండి తటస్థంగా ఉంటారా, లేక నిజంగానే కొన్నాళ్లు ఆగాలంటున్నారా. ఆగమంటే, ఆగేది విన్నపం ఒక్కటే అని చెప్పండి. అమ్మాయి విషయం, అమ్మ సంతకం విషయం ఆగవని కూడా అప్పుడే చెప్పండి. ఆయన ఏమన్నారో రాయండి. ఆ రిలీజ్ డీడ్ డ్రాఫ్టు మీ చేతికిస్తే, పేర్లు కొట్టేసి నకలు పంపండి, వీలైతే లాయరు చేత చదివించి చెబుతాను. అప్పటిదాకా అమ్మను రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లనివ్వకండి.